ట్రాఫిక్‌లో డీసీటీ కారు తడబడుతుంటే క్లచ్ సెట్టు మార్చే ముందు చూడవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న చిన్న టర్బో పెట్రోలు కారు. కొని నాలుగేళ్లయింది, 46,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ అరసవల్లి వైపు నుంచి బయలుదేరి, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దాటి ఆఫీసుకు వెళ్తారు. ఆగిన చోటి నుంచి యాక్సిలరేటర్ నొక్కితే ఒక్క క్షణం ఏమీ జరగదు, తరువాత కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పది, పదిహేను నిమిషాలు రద్దీలో నడిచాక, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణుకుతుంది. హైవే ఎక్కితే ఏ లోపమూ తెలియదు. స్కానర్‌లో లోపాన్ని చూపే కోడ్ ఏదీ రాలేదు, అయినా క్లచ్ సెట్టు మొత్తం మార్చాలని వర్క్‌షాపువారు చెప్పారు. మార్చాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే మార్చవద్దు. విజయనగరంలో ఇరవై ఏళ్లకు పైగా గేరుబాక్సుల పని చేస్తున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. మీరు రాసినదానిలో ఆలస్యం ఒకటి, వణుకు ఒకటి, ఇలా రెండు వేర్వేరు లక్షణాలు ఉన్నాయి. ఆ రెండింటి మూలం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. వాటిని విడదీసి చూడకుండా గేరుబాక్సు దింపితే, కొత్త క్లచ్ వేసిన తరువాత కూడా పాత ఆలస్యం అలాగే మిగిలిపోయే అవకాశం చాలా ఉంది.

ముందుగా ఈ బాక్సు ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరువాత చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఒకే పెట్టెలో రెండు మాన్యువల్ గేరుబాక్సులు ఉన్నాయనుకోండి. 1, 3, 5, 7 గేర్లకు ఒక క్లచ్, 2, 4, 6 గేర్లకు ఇంకొక క్లచ్. మీరు మూడో గేరులో వెళ్తుండగానే కంప్యూటర్ నాలుగో గేరునో రెండో గేరునో ముందే వేసి ఉంచుతుంది, సమయం రాగానే ఒక క్లచ్ వదులుతూ రెండోదాన్ని పట్టిస్తుంది. అందుకే గేరు మారినట్టే తెలియదు. ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1939 నాటికే ఈ ఆలోచన చేశాడు. 1980లలో పోర్షె రేసు కార్లలో దీన్ని వాడారు, 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో మామూలు రోడ్డు కారులోకి వచ్చింది. రేసు పందెంలో పెరిగిన యంత్రానికి పరుగులో గేరు మార్చడం బాగా తెలుసు, కానీ ఆగి ఆగి పాకడం దానికి కష్టం. పాత తరహా ఆటోమేటిక్‌లో ఇంజినుకూ గేర్లకూ మధ్య నూనె ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అది ఎంతసేపు జారినా ప్లేటు అరగదు. మీ బాక్సులో అది లేదు. మన డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనే పనిని ఇక్కడ కంప్యూటర్ చేస్తుంది, అరిగేదీ వేడెక్కేదీ మాత్రం అదే క్లచ్ ప్లేటు.

ఒక చిన్న లెక్క చూడండి. ఇలాంటి చిన్న కారు మొదటి గేరులో ఉండి, ఇంజిను 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర ఐడిల్‌లో తిరుగుతూ, క్లచ్ పూర్తిగా పట్టి ఉంటే కారు వేగం గంటకు సుమారు 6 కిలోమీటర్లు ఉంటుంది. అంతకన్నా నెమ్మదిగా వెళ్లాలంటే క్లచ్ జారి తీరాలి, వేరే మార్గం లేదు. రెండో గేరులో 1,000 ఆర్‌పీఎం దగ్గర పన్నెండు, పదమూడు కిలోమీటర్ల వేగం వస్తుంది. ఏడు రోడ్ల దగ్గర సాయంత్రం ఆటోల వెనుక మీరు నడిచే వేగం ఎంత? నాలుగైదు, ఎనిమిది, మళ్లీ మూడు, మళ్లీ పది. అంటే సగం సేపు మొదటి గేరు క్లచ్ జారుతూనే ఉంటుంది, మిగతా సగంలో కంప్యూటర్ ఒకటా రెండా అని మాటిమాటికీ నిర్ణయం మార్చుకుంటూ ఉంటుంది. వెట్ క్లచ్ బాక్సులలో ఆ వేడిని నూనె మోసుకుపోతుంది. మీది డ్రై క్లచ్ కనుక చుట్టూ ఉన్న గాలి మాత్రమే దాన్ని చల్లార్చాలి. ప్లేటు వేడెక్కినకొద్దీ దాని పట్టు మారుతుంది, కంప్యూటర్ అంచనా తప్పుతుంది, అదే మీకు వణుకుగా తెలుస్తుంది. పదిహేను నిమిషాల తరువాతే వణుకు మొదలవుతోందని మీరు రాయడం నాకు చాలా ఉపయోగపడింది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక వణికే క్లచ్ అంతా అరిగిపోయినదే కానవసరం లేదు.

ఇక ఆలస్యం సంగతి. దీనికి ఏ పరికరమూ అక్కరలేని పరీక్ష ఒకటి ఉంది. ఇంట్లో వాళ్లెవరినైనా పక్క సీటులో కూర్చోబెట్టి, మీటర్లు స్పష్టంగా కనబడేలా ఫోనుతో వీడియో తీయించండి. బ్రేకు మీది నుంచి కాలు తీస్తున్నప్పుడు ఒకసారి, యాక్సిలరేటర్ నొక్కుతున్నప్పుడు ఒకసారి పైకి చెప్పండి, ఆ మాట వీడియోలో రికార్డవుతుంది. తరువాత తీరిగ్గా చూడండి. ఆర్‌పీఎం వెంటనే పెరిగి, కారు మాత్రం కదలకపోతే క్లచ్ పట్టడంలో ఆలస్యం ఉంది. ఆర్‌పీఎం కూడా పెరగకుండా నిలిచిపోతే లోపం ఇంజిను వైపు గానీ, కంప్యూటర్‌కు అందే సంకేతాల వైపు గానీ ఉంది, అప్పుడు క్లచ్ సెట్టు మార్చడం డబ్బు పారబోయడమే. కాలు తీయగానే కారు మెల్లగా పాకడం మొదలుపెట్టి, యాక్సిలరేటర్‌కు మాత్రం ఆలస్యంగా స్పందిస్తే అది చాలావరకు టర్బో ఆలస్యం. ఒక లీటరు టర్బో ఇంజినులకు పూర్తి బలం సాధారణంగా 1,500 ఆర్‌పీఎం చుట్టుపక్కల మొదలవుతుంది, దానికి దిగువన అవి బలహీనంగానే ఉంటాయి. ఎండాకాలంలో ఏసీ కంప్రెసర్ ఆ కొద్ది బలంలోంచి కూడా వాటా తీసుకుంటుంది. అందుకే అదే వీడియోను ఏసీ ఆపి ఇంకొకసారి తీయించండి. రెండింటి మధ్య తేడా స్పష్టంగా ఉంటే గేరుబాక్సును నిందించనవసరం లేదు.

సంకేతాల విషయంలో నేను మొదట అనుమానించేది బ్రేకు పెడల్ దగ్గర ఉండే స్విచ్‌ను. కారు ఆగి ఉండి, బ్రేకు నొక్కి ఉందని కంప్యూటర్ అనుకున్నంత సేపూ అది క్లచ్‌ను వదిలేసే ఉంచుతుంది. స్విచ్ అరిగినా, దాని సర్దుబాటు తప్పినా, మీరు కాలు తీసిన తరువాత కూడా ఒక అర సెకను సేపు బ్రేకు నొక్కి ఉన్నట్టే సమాచారం వెళ్తుంది. చీకటి పడ్డాక గోడకు వెనుక వైపు పెట్టి కారు నిలిపి, బ్రేకు మెల్లగా వదులుతూ గోడ మీద ఎర్రటి వెలుగు ఎప్పుడు ఆరుతోందో చూడండి. పెడల్ పూర్తిగా పైకి వచ్చాక కూడా వెలుగు నిలిచినా, మిణుకుమన్నా జవాబు దొరికినట్టే. మ్యాటు మడత పడి పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వకపోయినా ఇదే జరుగుతుంది. ఎడమ కాలు బ్రేకు మీద ఆనించి, కుడికాలితో యాక్సిలరేటర్ నొక్కే అలవాటు ఉన్నవారికైతే కంప్యూటర్ కావాలనే ఇంజిను బలాన్ని తగ్గిస్తుంది. మీకు ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానండి.

ఈ స్విచ్ గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట బొబ్బిలి వైపు నుంచి అచ్చం మీ ఫిర్యాదుతోనే ఒక కారు నా దగ్గరకు వచ్చింది. కోడ్ లేదు, ఆలస్యం ఉంది, కొద్దిగా వణుకూ ఉంది. నేను నేరుగా క్లచ్ మీదికే వెళ్లాను, గేరుబాక్సు దింపించాను, సెట్టు మార్చాను. వణుకు తగ్గింది, ఆలస్యం మాత్రం అలాగే ఉంది. వారం తరువాత లైవ్ డేటాలో, అంటే బండి నడుస్తుండగా స్కానర్ చూపే కొలతలలో, బ్రేకు సంకేతాన్ని ఓపికగా గమనిస్తే కాలు తీసిన తరువాత కూడా అది నిలిచి ఉండడం కనబడింది. మొదటి రోజే చేయవలసిన పనిని ఆఖరున చేశాను. పాత క్లచ్ ఇంకా చాలా దూరం వచ్చేది. ఆ యజమాని డబ్బు నా తొందరపాటు వల్ల పోయింది, క్లచ్ ఖర్చులో నా వంతు వెనక్కి ఇచ్చినా ఆ బాధ నాకు మిగిలింది. అప్పటి నుంచి బ్రేకు స్విచ్, బ్యాటరీ, ప్లగ్గులు చూడకుండా ఏ డీసీటీ బాక్సునూ విప్పనివ్వడం లేదు.

బ్యాటరీ పేరు చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. డ్రై క్లచ్ బాక్సులలో క్లచ్‌ను నొక్కేదీ, గేరు వేసేదీ విద్యుత్ మోటార్లు గానీ, విద్యుత్ పంపు ఇచ్చే ఒత్తిడి గానీ. వోల్టేజి తగ్గితే వాటి పని నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు కోడ్ రాకుండానే. రాత్రంతా నిలిపిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరకు దిగితే సగమే మిగిలినట్టు. నాలుగేళ్ల బ్యాటరీని లోడ్ టెస్టు చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. దానితో పాటు గేరుబాక్సుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ వైరును విప్పి, బోల్టు కింద తుప్పు ఉంటే గీకి శుభ్రం చేసి బిగించమనండి. కళింగపట్నం, బారువ తీరాల ఉప్పుగాలికి తిరిగే బండ్లలో ఆ తుప్పు నేను ఎన్నోసార్లు చూశాను.

ఇంజిను వైపు చూడవలసినవి స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్, థ్రాటిల్ బాడీ మసి, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకులు. తక్కువ వేగంలో ఒక సిలిండర్ అప్పుడప్పుడు మిస్ కొడితే, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండకపోతే, ఆ కుదుపు కూర్చున్నవారికి క్లచ్ వణుకులాగే తెలుస్తుంది. ఇంజిను మౌంటింగులలో, ముఖ్యంగా కింద ఉండే టార్క్ మౌంటింగులో రబ్బరు చిరిగినా కారు దూకినట్టు అనిపిస్తుంది, బయలుదేరేటప్పుడు టక్ మని శబ్దం కూడా వినబడవచ్చు.

క్లచ్ నిజంగా జారుతోందా లేదా అన్నది తేల్చాలంటే హైవే మీద ఒక పరీక్ష చేయాలి. సింహద్వారం దాటి ఎచ్చెర్ల వైపు, ముందూ వెనుకా బండ్లు దగ్గరగా లేని సమయం చూసుకుని మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు వేసి, 1,800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్‌ను ముప్పావు వంతు వరకు మెల్లగా నొక్కండి. అడుగంటా నొక్కితే కిక్‌డౌన్‌లో కింది గేరు పడి పరీక్ష చెడిపోతుంది. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే ఎగబాకితే సరి సంఖ్య గేర్ల క్లచ్ జారుతోంది. తరువాత ఐదో గేరులో అదే చేయండి, అది బేసి సంఖ్యల క్లచ్‌కు పరీక్ష. రెండింటిలోనూ ఆర్‌పీఎం, వేగం కలిసే పెరిగితే ప్లేట్లకు పట్టు ఉంది. ఆర్‌పీఎం ఎగబాకకుండా కారు మాత్రం దడదడలాడితే, ఆ సమయంలో క్లచ్ పూర్తిగా పట్టి ఉంది కనుక కారణం చాలావరకు ఇంజినులో మిస్ ఫైరింగు. రివర్సులో కూడా ఇలాగే వణుకుతోందేమో గమనించి రాసుకోండి. రివర్సు కొన్ని బాక్సులలో సరి వైపు క్లచ్ మీద, కొన్నిటిలో బేసి వైపు మీద ఉంటుంది. మీ మోడల్‌లో ఎటు ఉందో మెకానిక్‌కు తెలిస్తే, వణుకు ఏ క్లచ్‌దో చెప్పడానికి ఆ ఒక్క వివరం చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, వేడెక్కాక వచ్చే వణుకు మాత్రమే మిగిలితే అడాప్టేషన్ చేయించండి. ప్లేటు అరిగేకొద్దీ క్లచ్ ఎక్కడ పట్టడం మొదలవుతుందో ఆ స్థానం మారుతుంది, కంప్యూటర్ దాన్ని ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉంటుంది. రోజంతా కొద్దికొద్ది దూరాలే తిరిగే బండ్లలో ఆ నేర్చుకోవడానికి కావలసిన పరిస్థితులు సరిగ్గా దొరకవు. స్కానర్‌తో ఆ పాత విలువలు తుడిచి, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో, సమతలంగా ఉన్న చోట కొత్తగా నేర్పించి, ఆపై రోడ్డు మీద నడిపి చూపించాలి. తుడిచి ఊరుకుంటే వణుకు ఇంకా పెరుగుతుంది. బ్యాటరీ వైరు విప్పి తగిలిస్తే చాలుననే సలహాను నమ్మవద్దు, దానితో ఈ పని జరగదు. గేరుబాక్సు సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పు వచ్చిందేమో కూడా అప్పుడే అడగండి. అడాప్టేషన్ తరువాత రెండు వారాలు బాగుండి వణుకు మళ్లీ మొదలైతే మాత్రం ప్లేటు అరిగిందనో, మీద గాజులా నున్నగా తేలిందనో అర్థం చేసుకోవాలి. వర్షంలో తడిసిన మరునాడు ఉదయం మొదటి రెండు మూడు సార్లు మాత్రమే వణికి ఆ తరువాత సర్దుకుంటే అది ప్లేటు మీది చెమ్మ, దానికి భయపడనక్కరలేదు.

నడిపే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మార్గంలో సగం మందు అదే. ముందున్న బండి అడుగు జరిగిన ప్రతిసారీ మీరూ అడుగు జరగవద్దు. ఒక కారు పొడవు ఖాళీ ఏర్పడే దాకా బ్రేకు మీద గట్టిగా కాలు ఉంచి, ఆ తరువాత ఒకేసారి కదిలి, ఏడెనిమిది కిలోమీటర్ల వేగం అందుకుని మళ్లీ పూర్తిగా ఆగండి. వెనుకవారు హారన్ కొడతారు, ఖాళీలోకి బైకులు దూరతాయి, అది నాకు తెలుసు. అయినా పది చిన్న పాకుళ్ల కంటే మూడు పూర్తి కదలికలు క్లచ్‌కు చాలా మేలు. గట్టిగా బ్రేకు నొక్కి నిలబడినప్పుడు క్లచ్ విడిపోయే ఉంటుంది కనుక మాటిమాటికీ న్యూట్రల్‌కు మార్చనక్కరలేదు. సగం బ్రేకుతో పాకనివ్వడమే హాని. నాగావళి వంతెన ఎక్కే చోట గానీ, విజయనగరంలో ఎత్తు బ్రిడ్జి మీద గానీ బండ్లు నిలిచిపోతే, బ్రేకుతోనే ఆపండి తప్ప యాక్సిలరేటర్ మీద కారును నిలబెట్టవద్దు. ఆ ఒక్క నిమిషం ప్లేటుకు తగిలే వేడి చాలా ఎక్కువ. కారు పది కిలోమీటర్ల వేగంలోపే ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో మొదటి గేరు దగ్గరే ఉంచండి, అప్పుడు ఒకటికీ రెండుకూ మధ్య తర్జనభర్జన ఉండదు. రథసప్తమి నాడు అరసవల్లి దారిలోకి మాత్రం ఏ తంటా వచ్చినా ఈ కారును తీసుకెళ్లవద్దు.

ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. కారు నెమ్మదించి ఆగీ ఆగక ముందే మళ్లీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఈ బాక్సుల ఆలస్యం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. కంప్యూటర్ మీరు ఆగుతున్నారనుకుని ఒక గేరు సిద్ధం చేస్తుంది, మీరు వేరొకటి కోరతారు, దాన్ని తీసి ఇది వేయాలి. పక్క రోడ్డు నుంచి జాతీయ రహదారి మీదికి వచ్చేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు వచ్చేస్తుంది. అందువల్ల అక్కడ పూర్తిగా ఆగండి, ఇంజిను దానంతట అది ఆగే సదుపాయం ఉంటే దాన్ని ఆపి, స్పోర్ట్ మోడ్ గానీ మాన్యువల్ మొదటి గేరు గానీ వేసుకుని, మామూలుగా అవసరమనుకునే దానికంటే రెట్టింపు ఖాళీ దొరికాకే కదలండి. లోపం తేలి బాగుపడే దాకా ఇంట్లో మిగతావారి చేత కూడా ఇది పాటింపజేయండి.

ఎప్పుడైనా గేరుబాక్సు వేడెక్కిందన్న హెచ్చరిక తెర మీద వస్తే, రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, పార్కింగులో పెట్టి, ఇంజిను నడుస్తుండగానే కొన్ని నిమిషాలు ఆగండి. సుంకి ఘాటులోనో అనంతగిరి ఘాటులోనో లోడు లారీల వెనుక ఇరుక్కున్నప్పుడు ఇది రావడం వింత కాదు, ఊరిలో సమతలం మీద తరచుగా వస్తే మాత్రం వెంటనే చూపించాలి. సరి గేర్లు గానీ బేసి గేర్లు గానీ మొత్తం పడకపోవడం, గేరు అక్షరాలు మిణుకుమిణుకుమనడం, మాడిన వాసన, గేరుబాక్సు ఇంజినును కలిసే చోట కింద నూనె చెమ్మ కనబడడం, ఇవి ఉంటే నేను పైన చెప్పిన ఓపిక అక్కరలేదు, కారు నడపడం ఆపి వర్క్‌షాపుకు చేర్చండి.

మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు కోడ్ ఉందా లేదా అని మాత్రమే అడగవద్దు. రెండు క్లచ్‌ల పట్టు స్థానం విలువలు, కంపెనీ అనుమతించిన హద్దులతో పాటు కాగితం మీద ఇమ్మనండి. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ నిలకడగా వెళ్తున్నప్పుడు ఇంజిను వేగం, క్లచ్ తరువాతి షాఫ్టు వేగం సమానంగా ఉన్నాయా అని లైవ్ డేటాలో మీ ఎదుటే చూపించమనండి. వారంటీ ఇంకా ఉంటే ఈ కాగితం మీకు మరింత అవసరం. విలువలు హద్దు దాటినా, హైవే పరీక్షలో క్లచ్ జారినా సెట్టు మార్చవలసిందే, అప్పుడు వెనకాడవద్దు. ఆ రోజు మాత్రం ప్లేట్లతోనే సరిపెట్టకుండా, క్లచ్‌ను కదిపే ఫోర్కులు, బేరింగులు, ఫ్లైవీల్ కూడా చూడమనండి. ముఖ్యంగా ఇన్‌పుట్ షాఫ్టు ఆయిల్ సీలు చెమర్చుతోందేమో పరీక్షించి తీరాలి, ఎందుకంటే ఆ సీలు కారితే కొత్త ప్లేటు కూడా కొద్ది నెలల్లోనే నూనె తాగి వణకడం మొదలుపెడుతుంది, ఆ చిన్న సీలు కోసం గేరుబాక్సును రెండోసారి దింపవలసి వస్తుంది.